కోడింగ్ సందేహాలు: ఫోల్డర్ ఉందా అని అడగాలా, నేరుగా చేసేయాలా?

ఈ నెల ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోట చిక్కుకున్నాయి. ప్రోగ్రాం చేత ఫోల్డర్ చేయించడం, అది ముందే ఉందో లేదో చూసుకోవడం. పాఠాల్లో ఒక్క లైన్‌లో దాటేసే విషయమిది. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ల పని ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. అందుకే ఈ సంచిక మొత్తం దీనికే ఇస్తున్నాం.

ఒక మాట ముందుగా. కోడ్‌లోని పేర్లను పలికే తీరులో తెలుగు అక్షరాల్లో వేస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే వాడండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాం. ఎర్రర్ పేర్లలోనూ, చివర వచ్చే సిస్టమ్‌ఎగ్జిట్‌లోనూ మాత్రం ఒక్కో ఇంగ్లిష్ మాట మొదటి అక్షరం పెద్దదే.

ప్రశ్న: పైథాన్‌లో మార్కుల ప్రోగ్రాం రాశాను. "ఫలితాలు" అనే ఫోల్డర్ చేసి అందులో ఫైళ్లు పెడుతుంది. మొదటిసారి బాగానే నడిచింది. రెండోసారి రన్ చేస్తే ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ అని ఆగిపోయింది. ముందు "ఇఫ్" పెట్టి ఉందో లేదో చూడమని మా సీనియర్ అక్క చెప్పింది. అదే సరైన పద్ధతా?
— డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: మీరు వాడింది ఓఎస్.ఎంకేడిర్. అది ముఖ్యంగా రెండు సందర్భాల్లో ఆగుతుంది. చెయ్యమన్న పేరు అప్పటికే అక్కడ ఉంటే ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్ ఇస్తుంది. ఆ ఫోల్డర్‌ను ఎందులో పెట్టాలో ఆ పై ఫోల్డర్ లేకపోతే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ ఇస్తుంది. ఈ రెండో పేరు చూసి చాలామంది తికమకపడతారు: "కొత్తది చెయ్యమంటే, దొరకలేదంటుందేమిటి?" అని. దొరకనిది మీరు చేయబోయే ఫోల్డర్ కాదు, దాని పైది.

మీ సీనియర్ చెప్పింది ఇలా ఉంటుంది:

    ఇంపోర్ట్ ఓఎస్
    ఇఫ్ నాట్ ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్("ఫలితాలు"):
        ఓఎస్.ఎంకేడిర్("ఫలితాలు")

ఇంట్లో ఒక్కరే రన్ చేసుకునే ప్రోగ్రాంకి ఇది చాలావరకు పనిచేస్తుంది. కానీ ఇందులో రెండు లొసుగులున్నాయి.

మొదటిది, ఎగ్జిస్ట్స్ అనేది ఆ పేరుతో ఏదైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. అది ఫోల్డరా, ఫైలా అన్నది దానికి పట్టదు. మీరు ఎప్పుడో పొరపాటున ఓపెన్("ఫలితాలు", "డబ్ల్యు") అని రాసి ఉంటే, ఎక్స్‌టెన్షన్ లేని "ఫలితాలు" అనే ఫైల్ అక్కడ తయారై కూర్చుని ఉంటుంది. ఎగ్జిస్ట్స్ "ఉంది" అంటుంది, ఫోల్డర్ చేసే లైన్ దాటిపోతుంది. ఆ తర్వాత "ఫలితాలు/మార్కులు" ఫైల్ తెరవబోతే అక్కడ తప్పు బయటపడుతుంది. విండోస్‌లో ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, లినక్స్‌లో నాట్‌ఎడైరెక్టరీఎర్రర్. జబ్బు ఒక చోట, నొప్పి ఇంకో చోట. కాబట్టి ఫోల్డర్ గురించి అడిగేటప్పుడు ఎగ్జిస్ట్స్ బదులు ఓఎస్.పాత్.ఈజ్‌డిర్ వాడటం అలవాటు చేసుకోండి. అది నిజంగా ఫోల్డర్ అయితేనే ట్రూ అంటుంది.

రెండోది ఇంకాస్త లోతైనది. అడిగిన క్షణానికీ చేసిన క్షణానికీ మధ్య చిన్న సందు ఉంది. కాలేజీ ల్యాబ్‌లో ఒకే షేర్డ్ డ్రైవ్ మీద ముప్పై సిస్టమ్‌లలో ఒకేసారి ఈ ప్రోగ్రాం నొక్కారనుకోండి. రెండు సిస్టమ్‌లు ఒకేసారి అడుగుతాయి, రెండింటికీ "లేదు" అనే జవాబు వస్తుంది, రెండూ చేయబోతాయి. ఒకదాని పని అవుతుంది, రెండోది ఎర్రర్‌తో ఆగిపోతుంది. మళ్లీ రన్ చేస్తే ఆ తప్పు కనిపించదు. ఇలాంటి తప్పు పట్టుకోవడమే కష్టం.

అందుకని మా సలహా: అడగకండి, చేసేయమనండి. ఉంటే పర్వాలేదని కూడా అదే లైన్‌లో చెప్పండి.

    ఓఎస్.మేక్‌డిర్స్("ఫలితాలు", ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ)

ఎగ్జిస్ట్, తర్వాత అండర్‌స్కోర్, తర్వాత ఓ, కే అనే రెండక్షరాలు. ట్రూలో మొదటి అక్షరం పెద్దది. ఈ ఎగ్జిస్ట్_ఓకే పైథాన్ 3.2 నుంచి ఉంది. మేక్‌డిర్స్ చివర ఎస్ ఉందని మరవకండి. దారిలో లేని పై ఫోల్డర్లన్నిటినీ కూడా అదే చేసుకుంటూ పోతుంది. ఇప్పటికే ఫోల్డర్ ఉంటే ఊరుకుంటుంది, లోపలి ఫైళ్ల జోలికి పోదు. అంతకన్నా మంచి సంగతి, ఆ పేరుతో ఫోల్డర్ బదులు ఫైల్ ఉంటే ఎగ్జిస్ట్_ఓకే పెట్టినా సరే ఎర్రర్ ఇస్తుంది. పైన చెప్పిన మొదటి లొసుగు దీంతో పూడిపోతుంది.

ఫైల్ అడ్రస్‌ల కోసం పైథాన్‌తో పాటే వచ్చే పాత్‌లిబ్ వాడేవాళ్లకు ఇదే పని ఇలా:

    ఫ్రమ్ పాత్‌లిబ్ ఇంపోర్ట్ పాత్
    పాత్("ఫలితాలు/జూన్").ఎంకేడిర్(పేరెంట్స్=ట్రూ, ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ)

ఇంపోర్ట్ తర్వాత వచ్చే పాత్‌కూ, కింది లైన్‌లోని పాత్‌కూ మొదటి అక్షరం పెద్దది.

మరి "ఉందా" అని ఎప్పుడు అడగాలి? పాత ఫలితాలు చెడిపోకూడదు అనుకున్నప్పుడు. అప్పుడు కూడా "ఇఫ్" అక్కర్లేదు. ఉత్త ఎంకేడిర్ వాడి, వచ్చే ఎర్రర్‌నే జవాబుగా తీసుకోండి:

    ట్రై:
        ఓఎస్.ఎంకేడిర్("ఫలితాలు")
    ఎక్సెప్ట్ ఫైల్‌ఎగ్జిస్ట్స్‌ఎర్రర్:
        ప్రింట్("పాత ఫలితాలు ఉన్నాయి. పేరు మార్చి మళ్లీ రన్ చేయండి")

ఇక మేక్‌డిర్స్ వాడకూడని చోటు ఒకటుంది. పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ డ్రైవ్, బ్యాకప్ డిస్క్ లాంటి తప్పకుండా ముందే ఉండాల్సిన చోటికి రాసేటప్పుడు. లినక్స్‌లో బ్యాకప్ డిస్క్ తగిలించడం మరిచిపోతే, తగిన పర్మిషన్ ఉన్న ప్రోగ్రాంలో మేక్‌డిర్స్ ఆ దారినంతా మీ సిస్టమ్ సొంత డిస్క్ మీదే కట్టేసి, బ్యాకప్ అంతా అక్కడే పోస్తుంది. డిస్క్ నిండేదాకా తెలియదు. స్పెల్లింగ్ తప్పు అయినా అంతే, "ఆఫీసు" బదులు "ఆఫీస్" అని పడితే గప్‌చుప్‌గా ఇంకో ఫోల్డర్ పుడుతుంది. ఇలాంటి చోట పై ఫోల్డర్‌ను ఈజ్‌డిర్‌తో చూసి, చివరి దాన్ని మాత్రమే ఎంకేడిర్‌తో చేయండి. పైది లేకపోతే ఎర్రర్ రావడమే మీకు మేలు.

ప్రశ్న: నా ప్రోగ్రాం ఏ ఎర్రరూ ఇవ్వడం లేదు. ఈజ్‌డిర్‌తో అడిగితే ట్రూ అంటోంది. కానీ ప్రోగ్రాం ఫైల్ ఉన్న చోట చూస్తే ఫోల్డర్ లేదు. ఎక్కడికి పోయింది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఫోల్డర్ పోలేదు, వేరే చోట ఉంది. "ఫలితాలు" అని ఉత్త పేరు ఇస్తే, పైథాన్ దాన్ని ప్రోగ్రాం ఫైల్ ఉన్న చోట పెట్టదు. ఆ సమయానికి తాను ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందో అక్కడ పెడుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడమే గొడవకు మూలం. ముందు ఈ రెండు లైన్లు పెట్టి రన్ చేయండి:

    ప్రింట్(ఓఎస్.గెట్‌సీడబ్ల్యుడి())
    ప్రింట్(ఓఎస్.పాత్.యాబ్స్‌పాత్("ఫలితాలు"))

మొదటిది ప్రోగ్రాం నిలబడిన చోటు, రెండోది ఫోల్డర్ పూర్తి అడ్రస్. ఆ అడ్రస్ కాపీ చేసి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైనున్న పట్టీలో అతికించి ఎంటర్ నొక్కండి. తప్పిపోయిన ఫోల్డర్ అక్కడ ఉంటుంది.

నిలబడే చోటు ఎవరు నిర్ణయిస్తారంటే, ప్రోగ్రాంను నడిపిన పద్ధతి. ఐడిల్‌లో ఎఫ్5 నొక్కితే ఫైల్ ఉన్న ఫోల్డరే. విండోస్‌లో ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసినా మామూలుగా అంతే. వీఎస్ కోడ్‌లో రన్ బటన్ నొక్కితే మాత్రం, మీరు వీఎస్ కోడ్‌లో తెరిచి పెట్టుకున్న పెద్ద ఫోల్డర్. మీ ఫైల్ అందులో మూడు ఫోల్డర్ల లోపల ఉన్నా సరే, "ఫలితాలు" పైనే పుడుతుంది. ఐడిల్ నుంచి వీఎస్ కోడ్‌కి మారినవాళ్లకు "నిన్నటిదాకా బాగానే ఉంది" అనిపించేది ఇందుకే. టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే ఇంకా దూరం: "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం విండోస్ సొంత సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. అక్కడ ఫోల్డర్ చేయబోతే మామూలు యూజర్‌కు పర్మిషన్‌ఎర్రర్ వస్తుంది.

ఎలా నడిపినా ఫోల్డర్ ఒకే చోట పుట్టాలంటే, ప్రోగ్రాం ఫైల్ ఉన్న చోటినే ఆధారంగా తీసుకోండి:

    ఇల్లు = పాత్(__ఫైల్__).రిజాల్వ్().పేరెంట్
    గమ్యం = ఇల్లు / "ఫలితాలు"
    గమ్యం.ఎంకేడిర్(ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ)

ఫైల్ ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్‌లు. జూపిటర్ నోట్‌బుక్‌లో ఈ పేరు ఉండదు, నేమ్‌ఎర్రర్ వస్తుంది. అక్కడ పూర్తి అడ్రస్ ఇవ్వడమే దారి.

డెస్క్‌టాప్ మీద ఫోల్డర్ చేయబోయి ఇదే అవస్థ పడేవాళ్లూ ఉన్నారు. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో, మీ కంటికి కనబడే డెస్క్‌టాప్ అసలు అడ్రస్ "సి:/యూజర్స్/మీ పేరు/వన్‌డ్రైవ్/డెస్క్‌టాప్". మీరు మధ్యలో వన్‌డ్రైవ్ లేకుండా రాసి మేక్‌డిర్స్ పిలిస్తే, అది కొత్తగా ఇంకో డెస్క్‌టాప్ ఫోల్డర్ కట్టి అందులో పెట్టేస్తుంది. తెర మీద ఏమీ కనబడదు. అడ్రస్ ఊహించి రాయకండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "కాపీ యాజ్ పాత్" నొక్కండి. విండోస్ 10లో అయితే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. అతికించినప్పుడు రెండు వైపులా కోట్స్ కూడా వస్తాయి, అవి రెండేసి కాకుండా చూసుకోండి.

ప్రశ్న: మా షాపు లెక్కల కోసం డి డ్రైవ్‌లో "న్యూ" అనే ఫోల్డర్ చేయిస్తున్నాను. పేరు ఇంగ్లిష్‌లోనే రాశాను. ఫోల్డర్ పేరు తప్పు అని ఎర్రర్. ఎర్రర్‌లో చూపిస్తున్న అడ్రస్ నేను రాసినట్టే ఉంది. తప్పెక్కడ? ఇంకో సంగతి, "2025" అనే ఫోల్డర్ చేయమంటే ఎర్రర్ రాలేదు గానీ 5 అనే అంకెతో ఏదో విచిత్రమైన ఫోల్డర్ వచ్చింది.
— చిన్న వ్యాపారి, గుంటూరు

జవాబు: మీరు డి, కోలన్, బ్యాక్‌స్లాష్, న్యూ అని రాశారు. న్యూ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరం ఎన్. పైథాన్ కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ఎన్ కనబడితే, అవి రెండూ కలిసి "కొత్త లైన్" అనే ఒకే గుర్తు అవుతాయి. అంటే మీరు విండోస్‌ను అడిగింది, పేరు మధ్యలో లైన్ విరిగిన ఫోల్డర్. విండోస్ అలాంటి పేరు ఒప్పుకోదు. "టి"తో మొదలైతే ట్యాబ్, "ఆర్"తో మొదలైతే క్యారేజ్ రిటర్న్, "బి"తో మొదలైతే బ్యాక్‌స్పేస్. టోటల్, రిపోర్ట్స్, బిల్స్, మూడూ షాపు లెక్కల్లో రోజూ వచ్చే పేర్లే చూడండి.

ఎర్రర్‌లో అడ్రస్ మీరు రాసినట్టే కనబడటంలో ఒక ఆనవాలు ఉంది. సరైన అడ్రస్‌ను పైథాన్ ఎర్రర్‌లో చూపేటప్పుడు బ్యాక్‌స్లాష్ రెండుసార్లు వేసి చూపుతుంది. ఒక్కటే కనబడిందంటే, అది బ్యాక్‌స్లాష్ కాదు, ఆ పక్క అక్షరంతో కలిసిపోయిన గుర్తు. ఈ తేడా చూడటం అలవాటైతే సగం సమయం మిగులుతుంది.

2025 సంగతి: బ్యాక్‌స్లాష్ తర్వాత 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలు వస్తే, మూడంకెల దాకా కలిపి ఒకే అక్షరం కోడ్‌గా తీసుకుంటుంది. 202 అనే మూడంకెలు అలా కంటికి కనబడని ఒక గుర్తుగా మారిపోయాయి, మిగిలింది 5. ఆ గుర్తును విండోస్ పేరులో ఒప్పుకుంటుంది కాబట్టి ఎర్రర్ రాలేదు. ఎర్రర్ వచ్చిన తప్పు కన్నా ఎర్రర్ రాని తప్పే ప్రమాదం. ఆ 5 ఫోల్డర్‌లో ఫైళ్లేమైనా పడ్డాయేమో చూసుకుని, బయటకు తీసి, ఆ తర్వాతే దాన్ని తీసేయండి.

"సి:\యూజర్స్" అని ఇంగ్లిష్‌లో రాస్తే ప్రోగ్రాం మొదలే కాదు, సింటాక్స్‌ఎర్రర్‌లో యూనికోడ్‌ఎస్కేప్ అనే మాట వస్తుంది. పెద్ద యూ అక్షరం తర్వాత ఎనిమిది అంకెల కోడ్ కోసం అది ఎదురుచూస్తుంది.

మందు సులువు. విండోస్‌లో కూడా పైథాన్ ముందుకు వాలిన గీతను (/) ఒప్పుకుంటుంది, కాబట్టి "డి:/న్యూ" అని రాయండి. కాపీ చేసిన అడ్రస్ అలాగే పెట్టాలంటే కోట్స్ ముందు ఆర్ అనే అక్షరం తగిలించండి, బ్యాక్‌స్లాష్‌లు బ్యాక్‌స్లాష్‌లుగానే మిగులుతాయి. అయితే ఆర్ పెట్టినా చివర ఒంటి బ్యాక్‌స్లాష్‌తో ముగించకూడదు. ముగింపు కోట్‌ను అది మింగేసి సింటాక్స్‌ఎర్రర్ తెస్తుంది.

ప్రశ్న: ఎక్సెల్ లిస్ట్ నుంచి తరగతి పిల్లల పేర్లు టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి, ఒక్కొక్కరికి ఒక ఫోల్డర్, అందులో తేదీ పేరుతో ఇంకో ఫోల్డర్ చేయిస్తున్నాను. కొన్ని పేర్లకు ఎర్రర్, కొన్ని పేర్లు మారిపోతున్నాయి. తేదీ అయితే మూడు ఫోల్డర్లుగా విడిపోయింది.
— హైస్కూల్ టీచర్, కరీంనగర్ జిల్లా

జవాబు: మాస్టారూ, తేదీతో మొదలుపెడదాం. మీరు 12/06/2025 అని ఇచ్చి ఉంటారు. గీత అంటే ఫోల్డర్ లోపల ఫోల్డర్. మేక్‌డిర్స్ మాట విని 12 లోపల 06, దాని లోపల 2025 చేసింది. గీతల బదులు హైఫన్ పెట్టండి, సంవత్సరం ముందు రాయండి: 2025-06-12. అప్పుడు పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. తేదీని అక్షరాల్లోకి మార్చే స్ట్రెఫ్‌టైమ్‌లో సంవత్సరానికి పర్సెంట్ పక్కన పెద్ద వై, నెలకు చిన్న ఎం, రోజుకు చిన్న డి. పెద్ద ఎం పెట్టారంటే నెల బదులు నిమిషాలు వస్తాయి. ఉదయం 9:06కి పరీక్షిస్తే జూన్ నెలలాగే కనబడి మోసం చేస్తుంది.

టైమ్ కూడా పేరులో పెట్టాలనుకుంటే కోలన్ వద్దు. విండోస్ పేర్లలో కోలన్, ప్రశ్న గుర్తు, నక్షత్రం, డబుల్ కోట్, నిలువు గీత, రెండు రకాల స్లాష్‌లు, చిన్నదీ పెద్దదీ చూపే రెండు గుర్తులు, ఇవి కుదరవు. కోలన్ ఫైల్ పేరులో పెడితే ఇంకా వింత జరుగుతుంది: ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ మామూలుగా వాడే ఫైల్ పద్ధతి) డిస్క్ మీద "10:30" అనే ఫైల్‌కి రాస్తే, 10 అనే సున్నా సైజు ఫైల్ కనబడుతుంది. రాసిందంతా 30 అనే దాగిన భాగంలోకి వెళ్తుంది.

ఇక పేర్లు. టెక్స్ట్ ఫైల్ నుంచి ఒక్కో లైన్ చదివితే, దాని చివర కొత్త లైన్ గుర్తు అతుక్కునే వస్తుంది. విండోస్‌లో అది ఎర్రర్. లినక్స్‌లో ఎర్రర్ కూడా ఉండదు, ఆ గుర్తుతో సహా ఫోల్డర్ పుట్టేస్తుంది. చదివిన వెంటనే .స్ట్రిప్() చేయండి, ఎక్సెల్ నుంచి వచ్చిన చివరి ఖాళీలు కూడా పోతాయి.

మన పేర్లలోనే ఉన్న ఇంకో చిక్కు, చివర ఇంటిపేరు పొడి అక్షరం, దాని తర్వాత చుక్క. "లక్ష్మి పి." అని ఫోల్డర్ చేస్తే విండోస్ ఆ చివరి చుక్కను మాట్లాడకుండా తీసేస్తుంది. ఈజ్‌డిర్("లక్ష్మి పి.") అని అడిగితే అక్కడా చుక్క తీసే చూస్తుంది కాబట్టి ట్రూ అంటుంది. కానీ ఓఎస్.లిస్ట్‌డిర్ ఇచ్చే పేర్లను మీ లిస్ట్‌తో పోల్చితే ఆ పిల్లకు ఫోల్డర్ లేనట్టు తేలుతుంది. అందుకే .స్ట్రిప్() తర్వాత .ఆర్‌స్ట్రిప్(". ") కూడా చేసి, శుభ్రం చేసిన ఆ పేరునే అన్ని చోట్లా వాడండి.

ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే ఎగ్జిస్ట్_ఓకే ఇద్దరి ఫైళ్లనూ ఒకే ఫోల్డర్‌లో కలిపేస్తుంది, ఎర్రర్ రాదు. పేరు ముందు రోల్ నంబర్ పెట్టండి, 7 అని కాకుండా 07 అని, లేకపోతే ప్రోగ్రాం పేర్లను వరుసలో పెట్టినప్పుడు 10 తర్వాత 7 వస్తుంది.

ప్రశ్న: ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టవచ్చా? "రిపోర్ట్" అనే ఫోల్డర్ కళ్ల ముందు ఉన్నా ప్రోగ్రాం లేదంటోంది.
— పాఠకుడు, బెంగళూరు

జవాబు: నిస్సంకోచంగా పెట్టండి. పైథాన్ 3, విండోస్, లినక్స్ అన్నీ తెలుగు పేర్లు తీసుకుంటాయి. మీ చిక్కు కంటికి కనబడని అక్షరంతో. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి జడ్‌డబ్ల్యుఎన్‌జే అనే గుర్తు వేస్తారు. కొన్ని కీబోర్డులు దాన్ని పదం చివర కూడా వదిలేస్తాయి. అలా "రిపోర్ట్" రెండు రకాలు అవుతుంది, చూపుకు తేడా లేదు, సిస్టమ్‌కు రెండూ వేరు. .స్ట్రిప్() దాన్ని తీయదు, ఎందుకంటే అది ఖాళీ కిందికి రాదు. ప్రింట్(లెన్(పేరు)) వేసి చూడండి. "రిపోర్ట్"లో ర, గుడి, ప, ఓత్వం, ర, పొల్లు, ట, పొల్లు కలిపి 8 రావాలి. 9 వస్తే దొంగ దొరికినట్టే. పదం చివర ఉన్న దాన్ని తీయడానికి ఆర్‌స్ట్రిప్‌లో కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్, యూ, 200, సి వరుసగా ఇవ్వండి. మధ్యలో ఉన్నవి ఉండనివ్వండి, అవి తీస్తే పదం రూపు మారుతుంది.

"హై"లోని ఐత్వం కూడా యూనికోడ్‌లో రెండు విధాలుగా ఉండొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు కలిపి. యూనికోడ్‌డేటా.నార్మలైజ్("ఎన్ఎఫ్‌సి", పేరు) రెండింటినీ ఒకటి చేస్తుంది. ఇక్కడ ఎన్ఎఫ్‌సి మూడూ పెద్ద అక్షరాలు.

లినక్స్‌లో ఒక పేరుకు 255 బైట్లే హద్దు, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "ఆంధ్రప్రదేశ్" అన్న ఒక్క మాటే 12 గుర్తులు, 36 బైట్లు. 85 గుర్తులు దాటితే ఎర్రర్. విండోస్‌లో పేరు మటుకు 255 గుర్తుల దాకా వెళ్లొచ్చు, కానీ పాత హద్దు ప్రకారం మొత్తం అడ్రస్ 260 లోపు, ఫోల్డర్ చేయడానికైతే 248 లోపు ఉండాలి.

ప్రశ్న: జావాలో ఎంకేడిర్ రాశాను. ఎర్రర్ లేదు, ఫోల్డరూ లేదు.
— ఎంసీఏ విద్యార్థిని, తిరుపతి

జవాబు: జావా పాత ఫైల్ క్లాసులోని ఎంకేడిర్ కుదరకపోతే అరవదు, ఫాల్స్ అని తిరిగి ఇస్తుంది. మీరు ఆ విలువ చూడలేదు. చూసినా లాభం తక్కువ. ఫోల్డర్ ముందే ఉన్నా ఫాల్సే, పై ఫోల్డర్ లేకపోయినా ఫాల్సే, పర్మిషన్ లేకపోయినా ఫాల్సే. కారణం చెప్పదు. జావా 7తో వచ్చిన ఫైల్స్.క్రియేట్‌డైరెక్టరీస్ వాడండి, ఫైల్స్‌లో ఎఫ్, డైరెక్టరీస్‌లో డి పెద్ద అక్షరాలు. మొత్తం దారి చేస్తుంది, ఉంటే ఊరుకుంటుంది, కుదరకపోతే ఎందుకో చెబుతూ ఎక్సెప్షన్ ఇస్తుంది. కొత్త కోడ్‌లో పాత ఎంకేడిర్ రాయాల్సిన అవసరమే లేదు.

ప్రశ్న: లినక్స్‌లో సి ప్రోగ్రాంతో ఎంకేడిర్("డేటా", 755) అని చేశాను. ఫోల్డర్ వచ్చింది, కానీ ఎల్ఎస్ కొడితే నా ఫోల్డర్‌కే నాకు పర్మిషన్ లేదంటోంది.
— పాలిటెక్నిక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: 755 ముందు సున్నా పోయింది. సి భాషలో 0755 అంటే ఎనిమిది లెక్క (ఆక్టల్), ఉత్త 755 అంటే పది లెక్క. పది లెక్కలోని 755ను ఎనిమిదిలోకి మారిస్తే 1363. ఇందులో మీ వాటా, అంటే ఓనర్‌ది, 3. రాయడానికి 2, లోపలికి వెళ్లడానికి 1 కలిపితే 3. చదవడానికి కావాల్సిన 4 అందులో లేదు. అందుకే ఫైళ్లు పెట్టగలరు, లిస్ట్ చూడలేరు. ఇప్పటికి టెర్మినల్‌లో సిహెచ్‌మాడ్ 755 డేటా కొట్టండి. ఆ కమాండ్ ఎప్పుడూ ఎనిమిది లెక్కలోనే చదువుతుంది కాబట్టి అక్కడ సున్నా అక్కర్లేదు. కోడ్‌లో 0755 రాయండి. పైథాన్ 3లో ఇదే సంఖ్యను సున్నా, చిన్న ఓ అక్షరం, 755 అని రాయాలి.

ఎంకేడిర్ -1 ఇస్తే, కారణం చెప్పే ఎర్రర్‌నో అనే విలువ చూడండి. ఈఎగ్జిస్ట్ అయితే ఆ పేరు ముందే ఉంది, అది ఫోల్డరో కాదో స్టాట్ పిలిచి ఎస్_ఈజ్‌డిర్‌తో తేల్చుకోండి. ఈఎగ్జిస్ట్, ఎస్_ఈజ్‌డిర్ రెండూ పూర్తిగా పెద్ద అక్షరాల్లోనే. ఈ ప్రోగ్రాంనే విండోస్‌కి తీసుకెళ్తే రెండో విలువ ఉండదు, అక్కడ అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎంకేడిర్ పేరు ఒక్కటే తీసుకుంటుంది.

ప్రశ్న: లినక్స్ పాఠం చూసి విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేడిర్ -పి కొట్టాను. "-పి" అనే ఫోల్డర్ కూడా వచ్చింది.
— పాఠకురాలు, విజయవాడ

జవాబు: లినక్స్‌లో -పి అంటే "దారంతా చెయ్యి, ఉంటే ఊరుకో". కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ ఆప్షన్ తెలియదు, దాన్నీ ఒక పేరనుకుంది. అక్కడ దారంతా చేయడం మామూలుగానే జరుగుతుంది, -పి అక్కర్లేదు. ముందే ఉంటే మాత్రం ఎర్రర్ చూపుతుంది. వచ్చిన ఆ ఫోల్డర్‌ను ఆర్ఎం‌డిర్ "-పి" అని తీసేయండి. అది ఖాళీ ఫోల్డర్‌ను మాత్రమే తీస్తుంది, కాబట్టి భయం లేదు. పేరులో ఖాళీ ఉంటే కోట్స్ పెట్టడం మరవకండి, "మా లెక్కలు" కోట్స్ లేకుండా ఇస్తే "మా" ఒకటి, "లెక్కలు" ఒకటి వస్తాయి.

ప్రశ్న: గూగుల్ కోల్యాబ్‌లో డ్రైవ్ ఫోల్డర్ చేయించాను. మర్నాడు లేదు. ఇప్పుడు డ్రైవ్ మౌంట్ కూడా కావడం లేదు.
— డేటా సైన్స్ నేర్చుకుంటున్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మౌంట్ చేసే, అంటే గూగుల్ డ్రైవ్‌ను కోల్యాబ్‌కు తగిలించే సెల్ కన్నా ముందు మేక్‌డిర్స్ సెల్ రన్ చేసి ఉంటారు. డ్రైవ్ ఇంకా తగలకముందే "/కంటెంట్/డ్రైవ్/మైడ్రైవ్" అనే దారిని అది కోల్యాబ్ తాత్కాలిక డిస్క్ మీద సొంతంగా కట్టేసింది. ఆ డిస్క్ సెషన్‌తో పాటే పోతుంది, అందుకే మర్నాడు ఫోల్డర్ లేదు. ఈ రోజూ అదే వరుసలో సెల్స్ నడిపారు కాబట్టి, మౌంట్ చేయబోతే ఆ చోటు ఖాళీగా లేదని ఎర్రర్. ముందు ఎడమ పక్క ఫైల్స్ ప్యానెల్‌లో ఆ డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, కావాల్సిన ఫైళ్లుంటే దించుకోండి. తర్వాత రన్‌టైమ్ మెనూలో సెషన్‌ను డిస్కనెక్ట్ చేసి డిలీట్ చేసే ఆప్షన్ నొక్కి, మళ్లీ మొదలుపెట్టండి. నోట్‌బుక్ మొదటి సెల్‌లో మౌంట్ పెట్టి, దాని కింద ఈ రెండు లైన్లు రాయండి:

    ఇఫ్ నాట్ ఓఎస్.పాత్.ఈజ్‌మౌంట్("/కంటెంట్/డ్రైవ్"):
        రెయిజ్ సిస్టమ్‌ఎగ్జిట్("డ్రైవ్ తగల్లేదు")

మేక్‌డిర్స్ ఆ కింద సెల్‌లో మాత్రమే.